చెవుల్లో గొర్రెపిల్ల ఉన్ని

భిక్షపతి అబద్ధం చెప్పడు. చిన్నమంగళారం ఊళ్లో ఆ సంగతి అందరికీ తెలుసు, ఎందుకంటే ఆయనే అందరికీ చెప్పాడు. ఆయన చేసేదల్లా నిజాన్ని కాస్త నానబెట్టి, పొంగనిచ్చి, పొయ్యి మీదికి ఎక్కించడమే. అది ఉబ్బి ఇంటి కప్పుకు తగిలితే ఆ తప్పు నిజానిది, ఆయనది కాదు.

ఆ సాయంత్రం ప్రేమదాసు ఆయన అరుగు మీదికి వచ్చింది మాత్రం కోతలు వినడానికి కాదు. పొద్దున దొర కావలివాడు ప్రేమదాసు వాకిట్లో నిలబడి కబురు చెప్పిపోయాడు. రేపు చిలుకూరు గుట్టల కింద మైదానంలో దొర తుపాకుల పందెం పెట్టాడట, పట్నం నుంచి పెద్ద పెద్దవాళ్లు మోటార్లలో వస్తున్నారట, బందూకులు నింపడానికి నువ్వు రావాలట. రావాలంటే వెట్టి. కాదనడానికి వీల్లేదు.

పందెంలో కాల్చేది నిజం పిట్టలను కాదు. కాల్చిన మట్టిచిప్పలను ఒక మర గాల్లోకి విసురుతుంది, దొరలు వాటిని ముక్కలు చేసి చప్పట్లు కొట్టించుకుంటారు. మట్టిపిట్టలు అంటారు వాటిని. బందూకు నింపేవాడు పొద్దంతా దొర భుజం పక్కనే, గొట్టానికి మూరెడు దూరంలో నిలబడాలి. కిందటేడు అలా నిలబడిన హన్మంతు ఇప్పటికీ చెవిలో ఏదో దూరినట్టు తల విదిలించుకుంటూ తిరుగుతున్నాడు.

ప్రేమదాసు భయమంతా ఆ చెవి గురించే. వాడలోని ప్రార్థన గుడికి హార్మోనియం లేదు. ఆదివారం పాట ఎత్తేది ప్రేమదాసు, ఆయన ఎత్తిన శృతి పట్టుకునే ముసలీ ముతకా పిల్లాజెల్లా పాడతారు. చెవి పోతే శృతి పోతుంది, శృతి పోతే తనకు ఈ ఊళ్లో ఉన్న ఒక్క గౌరవమూ పోతుంది. కడుపుకు లేకపోయినా ఓర్చుకున్న మనిషే కానీ ఇది మాత్రం ఆయన ఓర్చుకోలేడు.

చెవులు మూసుకుంటే సరిపోదా అంటే, దొర ముందు అది కుదరదు. చెప్పులు చేత్తో పట్టుకోవాలి, రుమాలు విప్పి చంకలో పెట్టుకోవాలి, చెవులు తెరిచి ఉంచాలి. దొర ఎప్పుడు పిలుస్తాడో ఏమో, చెవులు కప్పుకుని నిలబడితే బలుపు కింద లెక్క.

"పెద్దబాపు, చెవులల్ల ఏం పెట్టుకుంటె మంచిగుంటది?" అని అడిగాడు ప్రేమదాసు.

భిక్షపతి ఒకప్పుడు దొర దగ్గర బందూకులు నింపినవాడే. ఎప్పటిలాగే ఎడమ భుజం గోడకు ఆనించి కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. రేపు పందెంలో మర తిప్పడానికి పోవలసిన పక్కింటి యాదయ్య కూడా నిప్పు కోసమని వచ్చి అక్కడే చతికిలబడ్డాడు. గడపలో భిక్షపతి భార్య పెంటమ్మ జొన్నలు చెరుగుతోంది. ఇంకేం కావాలి భిక్షపతికి?

"మంచోన్నే అడిగినవు బిడ్డా. ఈ చేవెళ్ల తాలూకల చెవి సంగతి నాకంటె ఎక్కువ తెలిసినోడు ఉంటే చూపియ్యి, వాని కాళ్లు మొక్కుత. మొదాలు నేను గూడ అందరి లెక్కనే ఉత్త దూది పెట్టుకున్న. ఏమన్న లాభమున్నదా? చప్పుడు పోనే పోతున్నది, పైకెల్లి దురద. ఒక చేతిల తూటా, ఒక చేతిల బందూకు, చెవిల దురద పెడితె దేంతోని గోకాలె?"

"ముక్కుతోని," అన్నాడు యాదయ్య.

"నువ్వు నవ్వు, నవ్వేటోనికి ఏం తెలుస్తది. దూది కాదని మైనం పెట్టిన. తేనెపట్టు మైనం. చప్పుడు మంచిగనే ఆగింది, నేను అబద్ధం చెప్ప. గని ఎండకాలమాయె. పొద్దు నెత్తి మీదికొచ్చేసరికి మైనం కరిగి మెడ మీదికి కారవట్టె, ఆ వాసనకు ఆలూరు తేనెటీగలన్ని ఇది మన ఇల్లే అనుకొని కదిలొచ్చినయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కుడి చెవిల రాణీగ కాపురం పెట్టింది. నేను ఒరిగి పండుకుంటె తేనె కారిపోతదని నిలబడే నిద్రపోయిన!"

"తేనె పిండుకున్నవా అన్నా?"

"పిండుకోక ఇడుస్తనా? మీ వదినెనడుగు."

పెంటమ్మ చాట ఆపలేదు. "నాకు నాలిక మీదికి చుక్క గూడ పెట్టలే," అంది.

భిక్షపతి ఆ మాట విననట్టు చుట్ట దులిపాడు. "మైనం లాభం లేదని జొన్నపిండి తడిపి పెట్టుకున్న. మెత్తగుంటది, చెవి సందుకు తగ్గట్టు ఒదుగుతది. గని ఎండితే రాయే. సుత్తె పెట్టి కొట్టినా రాదు. అండ్ల నలగని గింజొకటి మిగిలినట్టున్నది, వాన పడంగనే మొలకెత్తింది. నేనేడ చూస్కున్న? కంకి బయటికొచ్చి పిట్టలు భుజం మీద వాలవట్టినంక గద తెలిసింది! రాయి విసురుతె నా తలకే తాకుతదని పిట్టలను నోటితోనే బెదిరిచ్చుకున్న. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కోతలనాటికి గిర్దావరు రానే వచ్చిండు. చెవిల పంట పండిచ్చినవు, శిస్తు కట్టు అన్నడు."

"కట్టినవా?"

"కట్ట అన్న. భూమి సర్కారుదైతే కావచ్చు, చెవి నాది అన్న. పట్టా చూపియ్యి అన్నడు. మా అవ్వనడుగు అన్న!"

యాదయ్య తొడ చరిచి నవ్వాడు. ప్రేమదాసుకు నవ్వు రాలేదు. పొద్దు గుట్టల వెనక్కి దిగుతోంది. రేపు ఇదే వేళకు తన చెవులు తనవో కాదో తెలియదు.

"పెద్దబాపు, నీకు దండం పెడ్త. ఎగతాళి కాదు. అసలు ఏది పెట్టుకోవాలె?"

భిక్షపతి ఆయన వైపు చూశాడు. చుట్ట పక్కన పెట్టాడు. గొంతు కాస్త తగ్గించాడు.

"గొర్రెపిల్ల ఉన్ని. మొదటిపారి కత్తిరిచ్చింది. పెద్ద గొర్రెది వద్దు, అది గుచ్చుతది. వేన్నీళ్లల్ల ఉడికిచ్చి ఆరబెట్టాలె. ఇంత మైనం, ఇంత నువ్వుల నూనె. మైనం ఎక్కువైతే గట్టిపడతది, నూనె ఎక్కువైతే జారిపోతది. వేళ్ల నడుమ నలిపి నలిపి సన్నగ చెయ్యాలె. చెవి పైకి గుంజి పట్టుకుంటె సందు తిన్నగైతది, అప్పుడు లోపల పెట్టి, అది ఉబ్బుకొని అతుక్కునే దాక వేలు తియ్యొద్దు. కొస బయటికి ఇడువాలె, లేకుంటె మళ్ల తీసెటందుకు రాదు. నొప్పి లేదు, దురద లేదు, పెట్టుకున్న సంగతే యాదికుండది. ఒక్కటే లోటు. తుపాకి చప్పుడుతోని పాటు మనిషి మాట గూడ లోపలికి రాదు."

చెబుతున్నంతసేపూ ఆయన వేళ్లు లేని ఉన్నిని నలుపుతూనే ఉన్నాయి. ఇందులో కోత లేదని ప్రేమదాసుకు అర్థమైంది. కానీ నిజం దగ్గర అంతసేపు కూర్చోవడం భిక్షపతికి ఇబ్బందిగా ఉన్నట్టుంది. చుట్ట మళ్లీ నోట్లో పెట్టుకున్నాడు, గొంతు మళ్లీ లేచింది.

"అది పెట్టుకొని నేను నిలబడ్డనంటె తుపాకి పేలినా పెసరకాయ చిట్లినట్టే! ఒకనాడు గోలుకొండ మీది ఫిరంగి తోపు తెచ్చి నా భుజం మీద పెట్టి పేల్చిన్రు. నాకు కునుకు వట్టింది. మరి నా చెవులల్లకు పోనియ్యకపోతె ఆ చప్పుడు పాపం ఎటు పోవాలె? గండిపేట చెరువు దాక పోయింది, చిలుకూరు గుట్టలెక్కింది, మొయినాబాద్ అంగట్ల తిరిగింది, యాడ జాగ దొరక్క తిరిగొచ్చి నా వాకిట్ల కూసున్నది. అది కూసున్నదని తతిమ్మా చప్పుళ్లు గూడ వచ్చినయి. పొద్దంత కాల్చిన తుపాకుల చప్పుళ్లన్ని, తాసీలు కచేరి ముంగట రైతులు కూసున్నట్టు వరుసగ కూసున్నయి. నాకేం ఎరుక? మాపటీలి బువ్వకు కూసుంట అని ఉన్ని తీసిన. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అన్ని ఒక్కపారే లోపలికి ఉరికినయి! కుండలు పగిలె, బర్రె గుంజ పీక్కొని శంకరపల్లి దాక ఉరికె, పైన పోయే కొంగలు ఆ చప్పుడుకే సచ్చి వాకిట్ల కుప్పవడె. తూటా ఖర్చు లేదు, బందూకు తుడిసే పని లేదు!"

"మరి ఆ కొంగలకు గూడ శిస్తు అడగలేదా?" అన్నాడు యాదయ్య.

"అడిగిండు, దొరే అడిగిండు! దొర నా చెవుల దిక్కు చూసి 'ఏందిరా అది' అన్నడు. 'ఉన్ని దొరా' అన్న. 'తియ్యి' అన్నడు. 'తియ్య' అన్న. అందరు గజగజ వణుకుతున్నరు. 'నా ముంగట చెవులు మూస్కుంటవా' అన్నడు. 'బందూకు నీది, తూటా నీది, మట్టిపిట్ట నీది, చెవులు మాత్రం మా అవ్వ ఇచ్చింది దొరా' అన్న. ఆ తర్వాత ఏమైందో తెలుసా? దొర లేచి నిలబడ్డడు. తన కుర్చీ తన రుమాలుతోనే తుడిసి, 'భిక్షపతీ, జర కూసో, ఇయ్యాల నేను నింపుత నువ్వు కాల్చు' అన్నడు!"

గడపలో చాట చప్పుడు ఆగిపోయింది.

"ఇగ చాలు," అంది పెంటమ్మ. "రేపు పొయ్యేటోడు వాడు. వానికి నిజం చెప్పు."

భిక్షపతి చుట్ట నుసి దులుపుకుంటూ కూర్చున్నాడు. పెంటమ్మే చెప్పింది.

"దొర కుర్చీలకెల్లి లేవలే. కూసున్నకాడికెల్లే చెయ్యి చాపి ఉన్ని పీకి అవతల పారేసిండు. ఎడమ చెవి నా గొట్టం దిక్కు పెట్టి నిలబడు అన్నడు. పొద్దుగూకె దాక కాల్చిండు. ఇంటికొచ్చినంక నేను పిలిస్తె పలకలే. ఆనాటి సంది ఎడమ పక్కకెల్లి ఎవ్వరేమన్నా ఈయనకు వినపడది. ఆ పక్కకు పండుకునేది నేను. చీకట్ల నేను ఏడ్చింది, నవ్వింది, ఏదీ ఈయనకు తెల్వది."

ప్రేమదాసు గోడ వైపు చూశాడు. ఇన్నేళ్లుగా ఎండొచ్చినా వానొచ్చినా పెద్దబాపు ఆ గోడ పక్కనే ఎందుకు కూర్చుంటాడో ఇప్పుడు తెలిసింది. ఎడమ పక్కన ఎవరూ కూర్చోకుండా ఉండడానికి.  చెవి పోతుందని పొద్దుటి నుంచి ఉన్న భయం కాస్తా కోపమైపోయింది.

భిక్షపతి తల వంచలేదు. "ఒక్కటే గద పోయింది. రెండోది నా కాడనే ఉన్నది," అన్నాడు. "ఇంకోటి. 'తియ్య' అని నేనన్నది నిజం. దానినే అడుగు."

"అన్నడు," అంది పెంటమ్మ. "చూసినోళ్లు చెప్పిన్రు. అదొక్కటి నిజం."

 ప్రేమదాసు ముందుకు జరిగి అన్నాడు, "ఆనాడు నువ్వు ఒక్కనివే పెట్టుకున్నవు పెద్దబాపు. రేపు మేమందరం పెట్టుకుంటె?"

"అగో," అన్నాడు యాదయ్య. ఆయన ముఖంలో ఎగతాళి లేదు. "ఎన్ని చెవులని పీకుతడు? పందెం కాల్చుకునుడు ఇడిసిపెట్టి ఉన్ని పీక్కుంట కూసుంటడా? నాకు గూడ చెయ్యి అన్నా."

భిక్షపతి లేచి లోపలికి పోయాడు. ఉట్టి మీది చిన్న మూట దించుకుని వచ్చాడు. అందులో తెల్లగా ఉడికించి ఆరబెట్టిన ఉన్ని ఉంది. ఎప్పటినుంచి దాచాడో ఎవరూ అడగలేదు. పెంటమ్మ నూనెబుడ్డి తెచ్చి మధ్యలో పెట్టింది, హన్మంతునూ తక్కినవాళ్లనూ కేకేసి పిలిచింది. చీకటి పడకముందే రేపు పోవలసిన వాళ్లందరూ ఆ అరుగు మీదే కూర్చుని ఉన్ని నలుపుతున్నారు, భిక్షపతి ఒక్కొక్కరి చెవీ పైకి లాగి చూసి, నీది సన్న చెవి, నీది ఏనుగు దూరే చెవి అంటూ కొలత చెబుతున్నాడు.

"మాట వినపడకుంటె బందూకు ఎప్పుడియ్యాలె?" అని అడిగాడు ప్రేమదాసు.

"దొర మొఖం చూడకు, భుజం చూడు. నోరు తెరిచేకంటె ముందు భుజం దిగుతది. దిగంగనే నిండిన బందూకు అందియ్యి. పని మీద వంక దొరకనియ్యకుండ్రి, ఇగ ఏమంటడు?" అని, భిక్షపతి తన కోసం కూడా ఒక జత చేసుకున్నాడు. "తూటాల పెట్టె మోసెటందుకు నేనొస్తున్న."

పెంటమ్మకు ప్రాణం చివుక్కుమంది. "ఉన్న ఒక్కటి గూడ ఇచ్చొస్తవా?"

"రెండిట్ల పెట్టుకుంట గద."

"పోయినదాంట్ల ఎందుకు?"

"పోయిందన్న సంగతి దొరకు తెల్వద్దు," అన్నాడు భిక్షపతి.

మర్నాడు మైదానంలో వాళ్లందరూ వరుసగా నిలబడ్డారు. చెప్పులు చేతిలో, రుమాళ్లు చంకలో, దొరకు ఇవ్వవలసిన మర్యాద ఏదీ తగ్గలేదు. చెవుల్లోంచి మాత్రం తెల్లటి కొసలు ఎండలో మెరుస్తున్నాయి. దాచడానికి వీల్లేదు, దాచాలని ఎవరూ అనుకోలేదు కూడా. భిక్షపతి తూటాల పెట్టె నెత్తిన పెట్టుకుని వరుసకు ఒక చివర, దొరకు ఎడమ పక్కగా, దూరంగా నిలబడ్డాడు.

దొర వచ్చాడు. చూశాడు. ముఖం కందగడ్డలా అయింది. ప్రేమదాసు ఎదుటికి వచ్చి నోరు పెద్దగా తెరిచాడు. మెడ నరాలు ఉబ్బడం, మీసం ఎగరడం ప్రేమదాసుకు కనపడుతోంది కానీ లోతైన బావి అడుగున ఎవరో గొణిగినట్టు తప్ప మాట ఏదీ చెవికి చేరలేదు.  ఆయన దొర భుజం మీదే చూపు నిలిపి నిలబడ్డాడు.

దొర యాదయ్య వైపు తిరిగి అరిచాడు. యాదయ్య మర పిడి పట్టుకుని ఆకాశం చూస్తున్నాడు. హన్మంతు వైపు తిరిగి అరిచాడు. హన్మంతుకు మామూలుగానే వినపడదు. దొర చెయ్యి ప్రేమదాసు చెవి దాకా లేచింది, అక్కడ ఆగింది. ఒక్క చెవిలోది పీకితే తక్కినవన్నీ పీకాలి, పట్నం దొరలు తుపాకులు పట్టుకుని ఎదురుచూస్తున్నారు. వాళ్లలో లావుపాటి ఒకాయన ఈ వరుసను చూసి పెద్దగా నవ్వి, తన చెవి తట్టి చూపించాడు. ఆయన చెవిలోనూ దూది ఉంది. పక్కాయన చెవిలోనూ ఉంది. ప్రేమదాసు అప్పుడు చూశాడు, దొర చెవుల్లో కూడా ఉంది.

అవతల జెండా ఊపారు. మొదటి మట్టిపిట్ట లేచింది. దొర గబగబా తిరిగి కాల్చాడు, తప్పింది. భుజం దిగింది, ప్రేమదాసు నిండిన బందూకు అందించాడు. అదీ తప్పింది. ఆ రోజంతా దొర కొట్టినవాటికంటే తప్పినవే ఎక్కువ. పందెం లావుపాటాయన గెలుచుకున్నాడు. దొర ఎవరి వైపూ చూడకుండా మోటారెక్కి పోయాడు.

వాగు దాటాక ప్రేమదాసు ఉన్ని తీశాడు. దూరంగా ఎవరిదో మేకల మెడగంటల చప్పుడు వినిపించింది. మెల్లగా పాట ఎత్తి చూసుకున్నాడు. శృతి ఎక్కడ పెట్టిపోయాడో అక్కడే ఉంది. దారి మధ్యలో నిలబడి కళ్లు తుడుచుకున్నాడు.

వాళ్లు ఊరు చేరేసరికి, ముందే వచ్చేసిన భిక్షపతి అరుగు మీద గోడకానుకుని కూర్చుని ఉన్నాడు. చుట్టూ వాడంతా చేరింది.

"నేను ఇటు రెండు చెవులల్ల ఉన్ని పెట్టుకొని రాయి లెక్క నిలబడ్డ. దొర అరిచిండు చూడుండ్రి! 'తియ్యిండ్రిరా, దొరను చెప్తున్న' అన్నడు. ఒక్కడు కదల్లే. 'మీ తోలు ఒలిపిస్త' అన్నడు. ఎవ్వడు కండ్లార్పలే. గొంతు బొంగురుపోయింది. ఆ అరుపుకు చిలుకూరు గుట్ట మీది బండొకటి దొర్లి గండిపేటల పడ్డది, నీళ్లు లేచి పట్నం మీద వాన కురిసింది! ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆఖర్కి మెల్లగ, 'జర తియ్యిండ్రిరా' అన్నడు. జర! దొర నోటికెల్లి జర అని బతిమాలిన మాట!"

"పెద్దబాపు," అన్నాడు ప్రేమదాసు.

"ఆఁ?"

"నేను దొర నోటి ముంగటనే ఉన్న. నాకొక్క మాట వినపడలే. యాదయ్యకు వినపడలే. నువ్వు వరుస కొసకుంటివి, రెండు చెవులల్ల ఉన్ని ఉండె అంటున్నవు. మరి 'జర' అన్నది నీకెట్ల వినపడ్డది?"

అందరూ భిక్షపతి వైపు చూశారు. ఆయన చుట్ట నోటి దాకా పోయి ఆగింది. పెంటమ్మ దీపం అరుగు మీద పెట్టి వచ్చి ఆయన ఎడమ చెవి తడిమి చూసింది. వేలికి నూనె అంటింది. కుడి చెవి తడిమింది. పొడిగా ఉంది.

"పెట్టుకుంట అని నాతోని చెప్పి పోయినవు," అంది.  "అన్ని తుపాకుల నడుమ, ఉన్న ఒక్క చెవి తెరిచిపెట్టి నిలబడ్డవా?"

భిక్షపతి అప్పుడు కూడా తల వంచలేదు. "తుపాకులు పేలేటప్పుడు వేలు పెట్టుకున్నలే," అన్నాడు. చుట్ట పక్కన పెట్టి, "వాడు అరుస్తుంటె మనోళ్లు కదలకుంట నిలబడాలె, అది నేను వినాలె. ఈ చెవి ఇన్నేండ్లు ఎందుకు కాపాడుకున్ననే మరి?" అన్నాడు.

 పెంటమ్మ ఆయన కుడి పక్కకు వచ్చి కూర్చుంది.

"నిజంగనే 'జర' అన్నడా?" అని అడిగింది.

"అన్నడు," అన్నాడు భిక్షపతి. ఆ తర్వాత ఏమైందో మాత్రం చెప్పలేదు.